తడవని కుంచె

ఆయనకు రెండు పేర్లు ఉండేవి. వీధుల్లో సబ్బాయన. ప్రార్థన మందిరంలో ప్రశ్నల పెద్ద. ఈ పేరు తెలిసినవాళ్ళకు ఆ పేరు తెలియదు. రెండు పేర్లనూ కలిపి మోసేది ఆయన చొక్కా జేబు ఒక్కటే.

ఆయన పని గ్యాసు పొయ్యిలకు గొట్టాలు బిగించడం. సంచిలో పానాలు, రబ్బరు వాషర్లు, మూత బిగించిన సబ్బునీళ్ళ సీసా. జేబులో చిటికెన వేలంత కుంచె. నట్టు బిగించాక కుంచెను సబ్బునీళ్ళలో ముంచి అతుకు చుట్టూ నురుగు పూసేవాడు. పూసి, దాని ముందు గొంతుక్కూర్చుని కదలకుండా చూసేవాడు. ఎక్కడైనా సందు ఉంటే అక్కడ ఒక బుడగ పుడుతుంది. మొదట ఆవగింజంత ఉంటుంది. కిటికీ వెలుగును మింగుతూ పెద్దదవుతుంది. దాని పొట్ట మీద గది మొత్తం వంకరగా కనిపిస్తుంది, ఆ గదిలో ఉన్న మనుషులతో సహా. బుడగ పుట్టకపోతే ఆయన లేచి, కుంచెను తడిగానే మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. అందుకే ఎప్పుడు చూసినా ఆయన గుండె మీద అరచేతంత తడి.

ఆ మరక ఉతికీ ఉతికీ తన చేతులు అరిగిపోయాయనీ, అంత పెద్ద సంచిలో ఆ కుంచెకు మాత్రం చోటు దొరకదా అనీ భార్య సణిగేది. మందిరంలో ఆయన పక్కన కూర్చునే దర్జీ మాత్రం ఆ తడిని చూసి పదిమందిలో నవ్వించేవాడు. మన పెద్దాయన హృదయం ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, మనవే ఎండిపోయిన బావులు అనేవాడు.

ఆయన బతుకంతా కంటికి కనపడని వాటికి భయపడుతూనే గడిచింది. ఆ భయం ఇద్దరి దగ్గర నేర్చుకున్నాడు.

మొదటివాడు పని నేర్పిన మేస్త్రీ. మేస్త్రీకి ఒక వైపు కనుబొమ లేదు. ఆ వైపు చర్మం కొవ్వొత్తి కారి గడ్డకట్టినట్టు నున్నగా ఉండేది. గ్యాసుకు నీ మీద పగా లేదు ప్రేమా లేదురా అని చెప్పేవాడు. సందు ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అని అడగదు. అది పొగలా పైకి పోదు, నీళ్ళలా కిందికి దిగుతుంది. నేల మీదే పాకుతుంది, పసిబిడ్డలా.

రెండోది చెల్లెలు. ఆమె పడుచు వయసులో ఉండగా వాళ్ళ పేటకు తేనెలాంటి గొంతున్న ఒక బోధకుడు వచ్చాడు. మందు మింగేవాడికి దేవుడి మీద నమ్మకం లేనట్టే అని బోధించాడు. చెల్లెలికి జ్వరం వచ్చినప్పుడు మందు సీసాను ఎవరూ పారేయలేదు. అటక మీద, చేయి అందే ఎత్తులోనే పెట్టారు. మంచం చుట్టూ నిలబడి కళ్ళు మూసుకుని పాడారు. పాట చాలా బాగుంది. ఆ మంచం చుట్టూ ఒక్క చెడ్డ మనిషి లేడు. ఒకరు ఆమె పాదాలు రుద్దారు, ఒకరు తడిగుడ్డ మార్చారు, ఒకరు రాత్రంతా విసనకర్రతో విసిరారు. తెల్లవారేసరికి చెల్లెలి ముఖం మీద దుప్పటి ఉంది. మందు సీసా అటక మీదే, నిండుగా ఉంది.

మంచితనానికి లోటు లేని చోట, నమ్మకంలో ఒక సందు. అంతే చాలింది. ఆ రాగం ఎక్కడైనా వినపడితే ముసలితనంలో కూడా ఆయన అరచేతులు చల్లబడేవి.

అందుకే సంఘంలో ఎవరైనా బాప్తిస్మం కావాలని వస్తే ముందు ఆయన ఎదుట కూర్చోవలసిందే. ఆయన ప్రశ్నలు వేసేవాడు. దేవుడు ఎవరు, పాపం ఏమిటి, మనిషి ఎలా రక్షించబడతాడు. గద్దించేవాడు కాదు. అతుకు ముందు గొంతుక్కూర్చున్నట్టే కూర్చుని, ఎదుటివాళ్ళ మాటల్లో బుడగ కోసం చూసేవాడు. దొరికితే, ఇంకొన్నాళ్ళు ఆగు అని మెత్తగా చెప్పేవాడు. ఆ మెత్తదనానికే జనం ఎక్కువ భయపడేవాళ్ళు.

చదువు రానివాళ్ళకు చెప్పడానికి ఆయన దగ్గర ఒక పోలిక ఉండేది. నురుగు గ్యాసును ఆపదు, ఆపేది బిగింపు. మరి నురుగు ఎందుకు? బిగింపు నిజమో కాదో చెప్పడానికి. మన మంచిపనులు మనల్ని రక్షించవు, రక్షించేది ప్రభువే. ఆయనను పట్టుకున్న నమ్మకమే మన బిగింపు. మరి మంచిపనులు ఎందుకు? ఆ పట్టు నిజమో కాదో చెప్పడానికి. ఇలా చెప్పేటప్పుడు జేబులోంచి కుంచె తీసి గాలిలో చూపించేవాడు. పాస్టరుగారికి ఈ పోలిక ఎంత నచ్చిందంటే, పొరుగూరి సభల్లో దాన్ని తన సొంతంలాగే వాడుకునేవారు.

ఈ ప్రశ్నల దగ్గర పదేపదే ఆగిపోయిన మనిషి ఒకరున్నారు. ఆయమ్మ.

ఆయమ్మకు బిడ్డల్లేరు. భర్త పోయాక, భర్త అక్కతో కలిసి వీధి గుమ్మం పక్క రెండు గదుల్లో ఉండేది. పనులకు వెళ్ళే తల్లులు పొద్దున్నే వచ్చి చంటిబిడ్డలను ఆమె దగ్గర దింపి పోయేవాళ్ళు. మంచం మీది నుంచి ఒకసారి ఒక బిడ్డ దొర్లినప్పటి నుంచి ఆమె అందరినీ నేల మీదే, చాపల మీద పడుకోబెట్టేది. మధ్యాహ్నం ఆ గదిలోకి తొంగి చూస్తే, ఎవరో చిన్న చిన్న నిద్రలను వరసగా ఆరబెట్టినట్టు ఉండేది.

దేవుడు నిన్ను పరలోకంలోకి ఎందుకు రానివ్వాలి అంటే ఏం చెప్తావమ్మా అని మొదటిసారి పెద్దాయన అడిగాడు.

"అడగడు బాబాయ్" అంది ఆమె. "ఇంతమంది బిడ్డల ముడ్లు కడిగినదాన్ని గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలేస్తాడా? ఆయనేమన్నా మీలాంటోడా?"

బెంచీలన్నీ నవ్వాయి. పెద్దాయన నవ్వలేదు. ఆయనకు నిజంగానే భయం వేసింది. ఈమె తన చేతుల మీదే నిలబడి ఉంది. ఒక రోజు ఈ చేతులు అలిసిపోతాయి, ఒక బిడ్డ జారిపోతుంది, ఆ రోజు ఈమెకు నిలబడటానికి ఏం మిగులుతుంది? ఇంకొన్నాళ్ళు ఆగమ్మా అన్నాడు. తర్వాతి సారీ అదే మాట.

ఆమె కోపగించుకోలేదు. కానీ ప్రభువు బల్ల ఆదివారం రొట్టె పళ్ళెం వరసలో వచ్చినప్పుడు, బాప్తిస్మం లేనివాళ్ళు తినకూడదు కనుక, దాన్ని అందుకుని, లోపలికి చూడకుండా పక్కవాళ్ళకు అందించేది. అందించాక కూడా ఆ చేతులు కాసేపు ఒళ్ళో తెరుచుకునే ఉండేవి. పెద్దాయన అది చూసేవాడు. చూసి తల తిప్పుకునేవాడు.

మళ్ళీ ప్రశ్నల కూటం పెట్టిన రోజు మధ్యాహ్నమే ఆయమ్మ కబురు పంపింది. పొయ్యి గొట్టం పగుళ్ళు పట్టిందట, కూటానికి ముందు మార్చిపోతారా అని.

ఆయన వెళ్ళేసరికి బయట రోడ్డు తవ్వుతున్నారు. దుమ్ము లేచి ఆ వీధంతా పాత ఫోటోలా ఉంది. లోపల బిడ్డలు నిద్రకు సిద్ధమవుతున్నారు. ఆడపడుచు ఎత్తు పీట మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని చిన్న చొక్కాలకు గుండీలు కుడుతోంది. ఎప్పుడో ఒక విషజ్వరం తర్వాత ఆమెకు వాసన తెలియకుండా పోయింది. పాత గొట్టం విప్పినప్పుడు వచ్చిన వాసనకు ఆయమ్మ ముక్కు మూసుకుంది, ఆడపడుచు మాత్రం సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉంది.

"మా వదిన ముక్కు అలంకారానికే బాబాయ్" అంది ఆయమ్మ.

"నీ నోరు మాత్రం ఎందుకు? పరీక్ష తప్పడానికేగా" అంది వదిన, తల ఎత్తకుండా.

ఆయన కొత్త గొట్టం ఎక్కించి, వాషరు పెట్టి, ఇత్తడి నట్టు తిప్పుతూ ఆమెను ప్రశ్నలు అడుగుతూ వచ్చాడు. ఈసారి ఆమె గట్టెక్కాలని ఆయనకే ఎక్కువ తాపత్రయంగా ఉంది. ఆమె మళ్ళీ కడిగిన ముడ్ల దగ్గరికే వెళ్ళింది. ఆయన నట్టు చివరి మెలిక బిగించి, జేబులోంచి కుంచె తీసి, దాన్ని అతుకు పక్కనే గాలిలో నిలిపి, ఎన్నోసార్లు చెప్పిన పోలికను మళ్ళీ చెప్పాడు. బిగింపు గురించి, నురుగు గురించి. ఏది ఆపుతుంది, ఏది చెబుతుంది.

ఆమె చేతిలోని పాలసీసాను కిందపెట్టింది. ముఖంలో ఏదో కిటికీ తెరుచుకుంది.

"అంటే బాబాయ్, నడక నేర్చుకునే బిడ్డ నా వేలు పట్టుకుంటాడు. వాడి పట్టు ఎంతని? పడకుండా ఆపేది నా పట్టు. నేను పట్టుకున్నానని నమ్మాకే వాడు అడుగేస్తాడు. అడుగేశాడు కదా అని నేను పట్టుకోను. అంతేనా?"

ఇన్నేళ్ళ ప్రశ్నల్లో ఇంత తిన్నని జవాబు ఆయన వినలేదు. సాయంత్రం ఈ మాటే చెప్పమ్మా, ఇలాగే చెప్పు అన్నాడు. కుంచె జేబులోకి వెళ్ళిపోయింది. ఆయన ఆమె లైటరు తీసుకుని పొయ్యి వెలిగించాడు. మంట నీలంగా, నిటారుగా, తప్పు లేనట్టు నిలబడింది. ఆర్పి, సామాను సంచిలో వేసుకున్నాడు.

"అంతా చూశారా బాబాయ్?"

"చూశానమ్మా."

ఆ మాట అన్నప్పుడు ఆయన అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. కుంచె చేతికొచ్చింది, నురుగు మాటలో తెల్లగా మెరిసింది, బుడగ రాలేదని మనసు చూసేసింది. నోరు చెప్పిన పనిని చెయ్యి చేసేసిందని లెక్క కట్టుకున్నాడు లోపలి మనిషి.

ఆయమ్మ బయటికి వెళ్ళే ముందు ఎప్పుడూ సిలిండరు కట్టేసి వెళ్ళేది. ఆ రోజు కట్టలేదు. పాలవేళకు తాను ఉండదు, వదిన మణికట్టుకు ఆ బిరుసు మీట తిరగదు. అయినా పెద్దాయన చూశానన్నారు కదా. దుమ్ము లోపలికి రాకుండా, తవ్వకం చప్పుడుకు బిడ్డలు లేవకుండా కిటికీలన్నీ మూసింది. తాను పిలిస్తే తప్ప తలుపు తీయవద్దని వదినకు చెప్పింది. ఇంటికి ఉన్న ఒకే ఫోను తన సంచిలో వేసుకుని, తల దువ్వుకుని మందిరానికి బయల్దేరింది.

మందిరంలో పొడవాటి కిటికీల్లోంచి ఎండ పలకలు పలకలుగా నేల మీద పడి ఉంది. ముందు బెంచీలో ఆయమ్మ. పెదవులు కదులుతున్నాయి, వేలు, పట్టు, అడుగు. పెద్దాయన తన కుర్చీ దగ్గరికి వస్తుంటే దర్జీ పక్కకు జరిగాడు.

"ఏంటి పెద్దాయనా, ఇవాళ మీ గుండె పొడిగా ఉందే. ఎక్కడన్నా పాపం చేసొచ్చారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వబోయి, అలవాటుగా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. గుడ్డ పొడిగా ఉంది. వేళ్ళు లోపలికి పెట్టాడు. కుంచె వెంట్రుకలు చచ్చిన పిచ్చుక తోకలా గరగరలాడాయి.

పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన మూసుకోలేకపోయాడు.

కొత్త వాషరే కదా. బాగానే బిగించాను కదా. ఇన్నేళ్ళలో ఎన్ని అతుకులు నురుగులో నిశ్శబ్దంగా ఉండలేదు? ఈ ఒక్కటి ఎందుకు తప్పుతుంది? ఇలా ఒక్కొక్క మాటే తన ముందు పెట్టుకున్నాడు. ప్రతి మాట వెనకా నేల మీద పరిచిన చాపలు కనిపించాయి. నీళ్ళలా కిందికి దిగుతుంది. నేల మీదే పాకుతుంది. ఎత్తు పీట మీద కూర్చున్న మనిషికి ముక్కు అలంకారానికే.

ఇప్పుడు లేస్తే ఏం చెప్పాలి? అబద్ధ సాక్ష్యం గురించి ఇదే కుర్చీలో కూర్చుని ఎందరినో అడిగాడు. లేస్తే ఆమె పరీక్ష చెడిపోతుంది. పాపం, ఇన్నాళ్ళకు జవాబు దొరికింది. ముందు ఆమెను చెప్పనిచ్చి, తర్వాత మెల్లగా వెళ్ళి చూసి వస్తే సరిపోదా? తన పిరికితనానికి ఆమె మేలు అనే చొక్కా తొడిగాడు. చొక్కా చక్కగా సరిపోయింది.

అప్పుడు ప్రార్థించాడు. ప్రభువా, ఆ గది నీ చేతిలో ఉంది, ఆ బిడ్డలు నీవాళ్ళు, నువ్వు కాపాడితే వాళ్ళకు ఏమీ కాదు. ఆ ప్రార్థనలో ఒక్క తప్పు మాట లేదు. తానే ఎదుట కూర్చుని ప్రశ్నలు వేసినా దానిలో బుడగ దొరికేది కాదు.

చుట్టూ చూశాడు. అందరూ మంచివాళ్ళు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. పాస్టరుగారి గొంతు తియ్యగా సాగుతోంది. ఎండ పలక మీద దుమ్ము నిదానంగా తిరుగుతోంది. ఈ దృశ్యాన్ని ఆయన ఎక్కడో చూశాడు. ఒక మంచం. ఒక అటక. చేయి అందే ఎత్తులో నిండుగా ఒక సీసా.

ఆయన అరచేతులు చల్లబడ్డాయి. ఆ రోజు మంచం చుట్టూ నిలబడి పాడినవాళ్ళలో ఈ రోజు తానూ ఒకడు. తేడా ఒక్కటే, తన పాటలో బోధ సరిగ్గా ఉంది.

కుర్చీ వెనక్కి పడిపోయిన చప్పుడుకు ప్రార్థన ఆగింది.

"అమ్మా" అన్నాడు. "నేను చూడలేదు."

ఆయమ్మ కళ్ళు తెరిచింది. పెదవులు ఇంకా జవాబు చుట్టూనే ఉన్నాయి. "ఏంటి బాబాయ్?"

"నురుగు పెట్టలేదు. చూశానని చెప్పాను. చూడలేదు."

ఆమె ఇంకొక్క మాట అడగలేదు. లేచి పరిగెత్తింది. ఒక చెప్పు బెంచీ కిందే ఉండిపోయింది.

ఆయన ఆమె వెనక పరిగెత్తాడు. ఆయన వెనక దర్జీ, పాస్టరుగారు, ఇంకొందరు. ముసలి మోకాళ్ళు ఆయన మాట వినడం లేదు. తవ్విన గుంత మీద వేసిన చెక్క పలక కాళ్ళ కింద ఊగింది. పనివాళ్ళు రాయి మీద సమ్మెట వేసిన ప్రతిసారీ ఆయన గుండె ఆగి, అది సమ్మెటే అని తెలిశాక మళ్ళీ కొట్టుకుంది. వీధి మలుపు దగ్గర, ఆ ఇల్లు ఉన్న వైపు ఆకాశం ఎలా ఉందో చూడటానికి భయపడి నేలకేసి చూస్తూ పరిగెత్తాడు.

ఇల్లు ఉంది. తలుపు మూసి ఉంది. తలుపు కింది సందులోంచి, ఉల్లిపాయలు కుళ్ళినట్టు, సన్నగా, ఓపిగ్గా వాసన వస్తోంది.

అందరికన్నా ముందు చేరింది దర్జీ. అతని వేలు అప్పటికే గోడ మీది బెల్లు దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన రెండు చేతులా ఆ మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. కరెంటు బెల్లు. లోపల ఒక్క నలుసంత నిప్పురవ్వ చాలు. ఊపిరి అందక ఆ మాట ఆయన నోట రాలేదు. తల మాత్రం అడ్డంగా ఊపాడు. దర్జీ ముఖం తెల్లబోయింది.

లోపల ఒక బిడ్డ మూలుగుతోంది. గిన్నె కదిలిన చప్పుడు. పాలవేళ అయింది.

ఆయమ్మ తలుపు బాదడానికి ఎత్తిన పిడికిలిని దించుకుంది. తలుపు సందుకు నోరు ఆనించి, బిడ్డలతో మాట్లాడే గొంతుతో, ఏమీ జరగనట్టు పిలిచింది.

"వదినా, నేనే. చేతిలో ఏముంది?"

"గిన్నె. లైటరు ఎక్కడ పెట్టి చచ్చావే? ఇల్లంతా వెతికాను. ఇప్పుడే అగ్గిపెట్టె కనపడింది."

ఆయమ్మ రెండు చేతులూ తలుపుకు ఆనించింది.

"అగ్గిపెట్టె కింద పెట్టు వదినా. వెలిగించకు. స్విచ్చుల మీద చెయ్యి వెయ్యకు. నెమ్మదిగా వచ్చి తలుపు తియ్యి."

"ఎందుకే? బిడ్డ ఏడుస్తుంటే."

"నా మాట మీద నమ్మకముంటే తియ్యి."

గడియ కదిలేదాకా పట్టిన ఆ కాసేపు పెద్దాయనకు జీవితాంతం పూర్తి కాలేదు.

తలుపు తెరుచుకుంది. ఆయమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని వంగి, చాపల మీది బిడ్డలను ఒక్కొక్కరినే ఎత్తి బయటి చేతులకు అందించింది. చేతి నుంచి చేతికి, గుమ్మం దాటి, దుమ్ము దాటి, వెలుతురులోకి. పెద్దాయన ఊపిరి బిగపట్టి వంటగదిలోకి వెళ్ళి సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచాడు. సమ్మెట చప్పుడు, రోడ్డు దుమ్ము, గాలి అన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ఆయన బయటికి వచ్చేసరికి, అందరికన్నా చిన్నబిడ్డ ఇంకా కళ్ళు తెరవలేదు. ఆయమ్మ మెట్టు మీద కూర్చుని ఆ బిడ్డ అరికాళ్ళు తడుతోంది. తడుతోంది. ఆమె నోట జవాబూ లేదు, ప్రార్థనా లేదు. లేదంటే ఆ తట్టడంలోనే రెండూ ఉన్నాయేమో. బిడ్డ ముఖం ముడుచుకుంది. ఎర్రబడింది. ఏడ్చింది.

వీధిలో ఎవరో గోడకు చేరగిలబడి కూర్చుండిపోయారు. అది పాస్టరుగారు.

గదిలో గాలి బాగా మారాక, అందరూ వద్దంటున్నా, పెద్దాయన సబ్బునీళ్ళ సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. వేళ్ళకు ముందు తగిలింది సీసా కాదు, లైటరు. మధ్యాహ్నం పానాలతో పాటు దాన్ని కూడా సంచిలో వేసుకుని వచ్చేశాడు. అరచేతిలో పెట్టుకుని ఆయమ్మకు చూపించాడు.

"అదే" అంది వదిన. "నేను వెతికింది అదే."

ఆయన కుంచె ముంచి అతుకుకు నురుగు పూశాడు. సిలిండరును ఒక్క క్షణం తెరిచాడు. బుడగ పుట్టింది. ఆవగింజంత కాదు, ద్రాక్షపండంత. పగిలింది, మళ్ళీ పుట్టింది. లోపల వాషరు అంచు మడత పడి ఉంది. బుడగ పొట్ట మీద గది వంకరగా కనిపించింది, ఖాళీ చాపలతో సహా. చూడమని ఆయన పాస్టరుగారిని పిలిచాడు, దర్జీని పిలిచాడు. చివరికి ఆయమ్మ వైపు తిరిగాడు.

"మీరు చూశానన్నారు బాబాయ్" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అదే ఆయన భరించలేకపోయాడు. "నేను నమ్మాను. నమ్మే కిటికీలు మూశాను."

ఆయన సిలిండరును మళ్ళీ కట్టేశాడు.

కొందరు తల్లులు ఆ తర్వాత బిడ్డలను తీసుకురాలేదు. ఆయమ్మ గొట్టం మార్చడానికి వేరే మనిషిని పిలిచింది. ఆదివారం సంఘం అందరి ముందు పెద్దాయన నిలబడి జరిగింది చెప్పాడు, బిడ్డల తల్లులను పేరుపేరునా క్షమాపణ అడిగాడు, ప్రశ్నల కుర్చీ ఖాళీ చేశాడు. ఇంటికి వెళ్ళే దారిలో దర్జీ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఓదార్చబోయాడు. అయిందేదో అయింది, ఇప్పటికైనా తెలిసింది కదా, ఆ సిద్ధాంతాలూ జవాబులూ అన్నీ వట్టివే, మనిషి మంచిగా ఉంటే చాలు అన్నాడు.

"చాలదయ్యా" అన్నాడు పెద్దాయన. "మా చెల్లెలి మంచం చుట్టూ అందరూ మంచివాళ్ళే." కాస్త దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "ఆ రోజు నేను చెప్పిందాంట్లో తప్పు లేదు. చెప్పడంతోనే అయిపోయిందనుకున్నాను."

లైటరు గురించి మాత్రం ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. తాను పరిగెత్తకపోతే అగ్గిపుల్ల వెలిగేది. తాను మతిమరుపుతో లైటరు తీసుకురాకపోతే, పరిగెత్తినా అందేది కాదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏది ఎవరి పని అని ఆలోచిస్తూ, వాకిట్లో కూర్చుండిపోయేవాడు. భార్య వచ్చి అన్నం చల్లారుతోందని రెండోసారి పిలిచేది.

ఆయమ్మ బాప్తిస్మం పొందింది. వేలు, పట్టు, అడుగు అని ఆమె చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. తర్వాతి ప్రభువు బల్ల ఆదివారం ఆమె వరస చివర కూర్చుంది, ఆమె పక్కన పెద్దాయన. రొట్టె పళ్ళెం వచ్చింది. ఆమె ఒక ముక్క తీసుకుని, పళ్ళెం ఆయనకు అందించింది. ఆయన దాన్ని అందుకుని, లోపలికి చూడకుండా అవతలి వాళ్ళకు అందించాడు. కొన్నాళ్ళు బల్లకు దూరంగా ఉంటానని తానే పాస్టరుగారిని అడిగి ఒప్పించుకున్నాడు. అందించాక చేతులు ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. అవి ఒళ్ళో తెరుచుకునే ఉన్నాయి. ఆమె అది చూసింది. తల తిప్పుకోలేదు.

నురుగు పోలిక ఆయన మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. పొరుగూరి సభల్లో పాస్టరుగారు మాత్రం దాన్ని వదల్లేదు. మునుపటికన్నా కాస్త తడబడుతూ చెప్పేవారట.

వానలు వెళ్ళిపోయి, రోడ్డు పూడ్చేసి, ఆ వీధి మళ్ళీ మామూలైపోయాక ఆయమ్మ కబురు పంపింది. పొయ్యి మంట సరిగా రావడం లేదట. ఆయన ఆ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వదిన లోపలి నుంచే, రావయ్యా, ఈసారి నా లైటరు ఎత్తుకుపోకు అంది.

బిడ్డలు చాపల మీద నిద్రపోతున్నారు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన మాట్లాడకుండా పని చేశాడు. నట్టు చివరి మెలిక బిగించి, కుంచెను సబ్బునీళ్ళలో ముంచి, ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె అతుకు చుట్టూ నురుగు పూసింది, బిడ్డ ముఖానికి పొడి అద్దినంత నెమ్మదిగా.

"చూశారా బాబాయ్?"

"ఇంకా లేదమ్మా. ఉండు."

ఇద్దరూ అతుకు ముందు గొంతుక్కూర్చున్నారు. నురుగు తెల్లగా, కదలకుండా ఉంది. వెనక ఎవరో బిడ్డ నిద్రలో నిట్టూర్చింది. నురుగు కదల్లేదు. ఆయన కళ్ళు తిప్పలేదు. ఇక లేవవచ్చు అనిపించిన తర్వాత కూడా వాళ్ళు ఇంకా కాసేపు చూశారు.